చంటాడి పనులు వాళ్ళమ్మకే వదలండి: పక్షవాతం తర్వాత ఇంటి సంగతులు, పాఠకుల ప్రశ్నలకు ఫిజియో జవాబులు

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నేను కువైట్‌లో డ్రైవర్‌గా చేస్తాను, ఇప్పుడు లీవ్ పెట్టి వచ్చి ఇంటి దగ్గరే ఉన్నాను. మా ఆవిడకి 28 ఏళ్ళు. మూడు నెలల క్రితం పొద్దున్నే పాపకి జడ వేస్తుంటే చేతిలో దువ్వెన జారిపోయిందంట, చూస్తుండగానే మూతి పక్కకి లాగేసింది, మాట పడిపోయింది. కాకినాడ తీసుకెళ్ళారు. స్కాన్‌లో మెదడు ఎడం పక్క క్లాట్ ఉందన్నారు, తర్వాత గుండెకి ఎకో తీసి వాల్వ్ సన్నబడిపోయింది, చిన్నప్పుడొచ్చిన కీళ్ళ జ్వరం వల్ల అన్నారు, రక్తం పలచబడే మాత్రలు రాశారు. ఇప్పుడు పట్టుకుంటే నడుస్తుంది కానీ కుడి కాలు ఈడుస్తుంది. కుడి చెయ్యి కొంచెం లేస్తుంది, వేళ్ళు సరిగ్గా తెరుచుకోవు. మనం చెప్పేవన్నీ అర్థమవుతాయి, తిరిగి చెప్పడానికి మాత్రం "ఆ, లేదు, అదీ" అంతే వస్తాయి. ఫిజియో ఆయన రోజూ వచ్చి అరగంట చేయించి వెళ్తున్నారు. మిగతాదంతా మా అమ్మే చూసుకుంటుంది, ఈవిణ్ణి మంచం దిగనివ్వదు, అన్నం కూడా కలిపి నోట్లో పెట్టేస్తుంది. మాకు పాపకి ఆరేళ్ళు, బాబుకి పది నెలలు. బాబు ఇప్పుడు మా అమ్మని పట్టుకుని "అమ్మ" అంటున్నాడండి. అది విన్నప్పట్నుంచి మా ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంటుంది, ఫిజియో ఆయన వచ్చినా లేవట్లేదు. మా మేనత్తేమో పసరు వైద్యం చేయిద్దాం అంటుంది. నా లీవ్ అయిపోవస్తోంది. చెయ్యి వస్తుందా అండి? నేను వెళ్ళాలా ఉండాలా? (పేరు వెయ్యొద్దండి)

జవాబు: తమ్ముడు గారూ, మీరు అడిగింది చెయ్యి గురించి, కానీ మీ ఉత్తరం చదివితే నాకు ముందు ఆ గోడవైపు తిరిగి పడుకోవడమే కనపడింది, అక్కణ్ణుంచే మొదలెడతాను. పది నెలల పిల్లాడు ఎవరు అన్నం పెడితే వాళ్ళని అమ్మ అంటాడండి. వాడేం మర్చిపోలేదు, ఎవరినీ ఎంచుకోలేదు కూడా. ఈ మాట మీ ఆవిడకి చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఆ అన్నం పెట్టే పని మళ్ళీ ఆవిడ చేతికి రావాలి, అదెలాగో చెప్తాను.

మీ అమ్మగారి మీద ఒక్క మాట కూడా అనను. ఆ వయసులో చంటాణ్ణి ఎత్తుకుని, కోడలికి స్నానం చేయించి, మళ్ళీ వంట చేసి... ఆవిడ లేకపోతే మీ ఇల్లు ఎప్పుడో కూలబడేది. కానీ మన గోదావరి జిల్లాల్లో మర్యాద ఎక్కువ కదండీ, ఒంట్లో బాలేదంటే మంచం మీద కూర్చోబెట్టి అన్నీ చేతికి అందిస్తాం, అదే ప్రేమ అనుకుంటాం. జ్వరానికైతే మంచిదే, పక్షవాతానికి మాత్రం అది విషం, ఇంతకంటే మెత్తగా చెప్పలేను. ఫిజియో ఆయన ఉండేది అరగంట. మిగతా ఇరవై మూడున్నర గంటలూ ఆ కుడి చెయ్యి ఒళ్ళో పడుంటే దానితో పనిలేదని మెదడు నిజంగానే వదిలేస్తుంది. పంట కాలవ ఒకచోట పూడిపోతే నీళ్ళు పక్కన బోదె వెతుక్కుంటాయి చూడండి, మొదట సన్నగా పారి పోనుపోను అదే పెద్ద దారి అవుతుంది, మెదడు కూడా దెబ్బతిన్న చోటుని వదిలేసి పక్కనుంచి అలాగే దారి చేసుకుంటుంది, కాకపోతే రోజూ నీళ్ళు వదులుతుంటేనే. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో ఈ మార్పు జోరుగా ఉంటుంది, మీరిప్పుడు సరిగ్గా ఆ రోజుల్లోనే ఉన్నారు. ఆరు నెలలు దాటితే తలుపు మూసేస్తారని కాదు, నెమ్మదిస్తుంది అంతే, ఏడాది రెండేళ్ళ తర్వాత కూడా మెరుగయ్యే వాళ్ళుంటారు. అందుకని చెయ్యి వస్తుందా అంటే, మూడు నెలలకే కొంచెం లేస్తుంది, వేళ్ళు కొంచెం కదులుతున్నాయి అంటే అది మంచి లక్షణమే, పూర్తిగా మునుపటిలా వస్తుందని మాత్రం నేను మాట ఇవ్వను, ఇచ్చే వాళ్ళని నమ్మకండి కూడా.

ఇంక పని. రోజులో కొన్ని పనులు "ఇవి వాళ్ళమ్మ చేస్తుంది" అని ఇంట్లో అందరూ గట్టిగా అనుకోండి, ఆ టైమ్‌లో మీ అమ్మగారు పక్కన కూర్చోవచ్చు కానీ చెయ్యి పెట్టకూడదు. బాబుకి పొద్దుట ఉగ్గు పెట్టడం ఒకటి. కింద చాప వేసి ఆవిణ్ణి గోడకి ఆనించి కూర్చోబెట్టండి, కుడి మోచేతి కింద తలగడ పెట్టండి, బాబు ఎదురుగానో ఒళ్ళోనో. స్పూను ఎడం చేత్తోనే పట్టుకోనివ్వండి తప్పులేదు, కుడి చెయ్యి గిన్నె అంచు మీద ఆన్చి అది కదలకుండా పట్టుకుని ఉండాలి, దాని డ్యూటీ అది. గిన్నె కింద తడిగుడ్డ వేస్తే జారదు. ఒక జాగ్రత్త, ఉగ్గు వేడి, స్నానం నీళ్ళ వేడి కుడి చేత్తో చూడనివ్వకండి, ఆ చేతికి స్పర్శ తగ్గి ఉండొచ్చు, కాలుతున్నా తెలీదు, ఎడం చేత్తోనే చూడాలి. ఇంకోటి, బాబుని ఎత్తుకుని నిలబడటం, నడవటం ఇప్పుడే వద్దు, కూర్చున్నప్పుడే ఒళ్ళోకి ఇవ్వండి. రక్తం పలచబడే మందు మీద ఉన్న మనిషి పడి తలకి దెబ్బ తగిలితే పైకి ఏం కనపడకపోయినా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే, గుర్తుపెట్టుకోండి.

రెండోది పాప జడ. దువ్వెన జారిపోయిన చోటే ఆవిడ మనసు ఆగిపోయి ఉంటుంది, అందుకే ఇది అడుగుతున్నాను. పాపని ఆవిడ ముందు పీట మీద కూర్చోబెట్టండి. దువ్వడం ఎడం చేత్తో. తర్వాత జుట్టు మూడు పాయలు చేసి మీరో మీ అమ్మగారో అల్లుతూ వచ్చి చివర కొస మాత్రం ఆవిడ కుడి చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టండి, వేళ్ళు తెరుచుకోకపోతే ఎడం చేత్తో మెల్లగా తెరిచి పెట్టాలి, గుంజకూడదు. ఆ కొస జారకుండా పట్టుకుంటే ఎడం చేత్తో రబ్బరు బ్యాండు వేసుకోవచ్చు. మొదట్లో జారిపోతుంది. వంకర జడతో స్కూలుకి వెళ్తే ఏం కొంపలు మునగవు. పట్టు కుదిరాక రిబ్బను, ఆ తర్వాత ఒక పాయ. రబ్బరు బంతిని నొక్కించే ఎక్సర్‌సైజ్‌కి దీనికీ తేడా ఏంటంటే బంతి కోసం ఎవరూ పొద్దున్నే లేవరు, స్కూలు బస్సు కోసం లేస్తారు. ఆరేళ్ళ పిల్లకి దీంతో ఇంకో లాభం కూడా ఉంది. అమ్మకి ఏమైందో ఆ పిల్లకి ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే ఇవాళే చెప్పండి, అమ్మ తలలో ఒక చిన్న దెబ్బ తగిలింది, మాటలు లోపలున్నాయి బయటికి రావడానికి టైమ్ పడుతుంది, నువ్వు అల్లరి చేసినందుకు రాలేదు అని. ఈ చివరి ముక్క తప్పకుండా చెప్పండి, పిల్లలు తమవల్లే అయిందనుకుని లోపల కుమిలిపోతుంటారు.

మూడోది మీరే చూసుకోండి, ఉతికిన బాబు బట్టలు మడత పెట్టడమో, చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యడమో, ఆవిడకి ఇంతకుముందు ఏది ఇష్టమో అది. మీ వైపు లేసు అల్లికలు వచ్చిన ఆడవాళ్ళు చాలామంది ఉంటారు, ఆవిడకి వచ్చినదైతే సూది ఇప్పుడే ఇవ్వకండి విసుగొస్తుంది, ముందు దారం ఉండ చుట్టడం దగ్గర మొదలెట్టండి. అద్దం పద్ధతి కూడా ఒకటుంది. టేబుల్ మీద రెండు చేతుల మధ్యా అద్దం నిలబెట్టి కుడి చెయ్యి అద్దం వెనక్కి పెట్టి, ఎడం చెయ్యి ఆడిస్తూ అద్దంలో చూడాలి, చూసేవాళ్ళకి కుడి చెయ్యే ఆడుతున్నట్టుంటుంది, మెదడు ఆ బొమ్మని కొంత నమ్ముతుంది. ఖర్చులేని పని, మీ ఫిజియో ఆయన్ని ఒకసారి చూపించమనండి. మంచి చేతిని కట్టేసి బలహీనమైన చేత్తోనే చేయించే పద్ధతి గురించి యూట్యూబ్‌లో చూసి మీరే మొదలెట్టకండి, మణికట్టూ వేళ్ళూ కొంతైనా వాటంతటవి తెరుచుకునే వాళ్ళకే అది పనికొస్తుంది.

మాట గురించి. అర్థమవుతుంది కానీ రావట్లేదు అన్నారు చూశారా, ఎడం మెదడులో మాట పుట్టే చోటు దెబ్బతింటే అలాగే ఉంటుంది, తెలివి ఎక్కడికీ పోలేదు. గట్టిగా అరిచి మాట్లాడకండి, ఆవిడకి చెవుడు కాదు. ఆవిడ ఒక మాట కోసం వెతుక్కుంటుంటే మీరు అందించేయకండి, కాస్త ఆగండి, ఆ ఆగడం ఇంట్లో వాళ్ళకి ఎంత కష్టమో నాకు తెలుసు. అవును కాదు అని చెప్పగలిగే ప్రశ్నలు అడగండి, రెండు వస్తువులు చూపించి ఏది కావాలో చూపించమనండి. మామూలు మాట రాని వాళ్ళకి కూడా పాట, ఒకటి రెండు మూడు అని అంకెలు, వారాల పేర్లు, చిన్నప్పుడు నేర్చుకున్న ప్రార్థన ఒక్కోసారి గడగడా వచ్చేస్తాయి, ఎందుకంటే అవి మెదడులో వేరే దారిన ఉంటాయి. రాత్రి బాబుని పక్కన పడుకోబెట్టి జోలపాట మీరు మొదలెట్టి వదిలెయ్యండి, ఆవిడ అందుకుంటుందేమో చూడండి. స్పీచ్ థెరపిస్ట్ మీ దగ్గర్లో దొరక్కపోతే వీడియో కాల్‌లో చేసేవాళ్ళున్నారు, వారానికోసారైనా పెట్టించండి.

భుజం. దీని గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మంచం మీంచి లేపేటప్పుడు ఎవరూ ఆవిడ కుడి చెయ్యి పట్టుకుని గుంజకూడదు, చంక కింద చెయ్యేసి ఎత్తకూడదు. కండలకి పట్టు లేనప్పుడు భుజం కీలు వదులై కిందకి జారి ఉంటుంది, ఒక్క గుంజుకే నెలల తరబడి నొప్పి పట్టుకుంటుంది, ఇంక ఆ నొప్పితో ఎక్సర్‌సైజ్ ఎవరు చేస్తారు? నడుం దగ్గర పట్టుకుని లేపండి. నడిపించేటప్పుడు కుడి పక్కనే, అంటే బలహీనమైన వైపే మీరు నిలబడాలి. మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. హవాయి చెప్పులు తీసేసి వెనక పట్టీ ఉన్నవి కొనండి, పాదం ముందు భాగం కిందకి వాలిపోతుంటే దాన్ని పైకి పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీ లాంటిది ఉంటుంది, ఫిజియో ఆయన్ని కొలత తీసుకోమనండి. మీ పెరట్లో బాత్రూమ్ దారి నాచు పట్టి ఉంటుంది కదా వానాకాలంలో, ముందు అది గీకించండి.

మందులు. రక్తం పలచబడే మాత్ర ఏ రోజూ మానకూడదు, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష డాక్టర్ చెప్పినప్పుడల్లా చేయించాలి, మామూలుగా అది 2కీ 3కీ మధ్య ఉండాలని చూస్తారు. ఆకుకూరలు పూర్తిగా మానేయక్కర్లేదు, కానీ ఎప్పుడూ తినే మోతాదులోనే తినాలి, ఆషాఢంలో మునగాకు మంచిదని ఒకేసారి వారంపాటు వండి పెట్టేస్తే మందు లెక్క తప్పుతుంది. ఒళ్ళు నొప్పులకి మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్ళలు తెచ్చివ్వకండి, లోపల రక్తం కారే ప్రమాదం. పక్కింటాయన ఏదో కొత్త మాత్ర వేసుకుంటున్నాడు దానికి పరీక్షలక్కర్లేదంట అని మార్చమని డాక్టర్‌ని ఒత్తిడి చెయ్యకండి, వాల్వ్ ఇలా బాగా సన్నబడిన వాళ్ళకి ఇప్పటికీ ఆ పాత మందే మేలు. కీళ్ళ జ్వరం మళ్ళీ రాకుండా సాధారణంగా మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ వేస్తారు, మీవాళ్ళు మొదలెట్టారో లేదో అడగండి, వాల్వ్‌ని బెలూన్‌తో తెరవడం గురించి కూడా గుండె డాక్టర్‌నే అడగండి. ఇంకో సంగతి, ఇది మీ ఇద్దరికే, ఈ మందు మీద ఉండగా గర్భం వస్తే బిడ్డకి ప్రమాదం, అలాగని మామూలు గర్భనిరోధక మాత్రలు వాడితే మళ్ళీ క్లాట్ భయం, కాబట్టి లేడీ డాక్టర్‌తో మాట్లాడి ఏ పద్ధతి అన్నది ముందే తేల్చుకోండి.

మీ మేనత్త గారి పసరు సంగతి. మన దగ్గర పసరు తాగించడం, పావురం రక్తం రాయడం ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఆ పసరులో ఏం ఆకులున్నాయో ఇచ్చేవాడు చెప్పడు, రక్తం పలచబడే మందుతో కలిస్తే ఏమవుతుందో వాడికి తెలీదు, పైగా పథ్యం పేరుతో ఇంగ్లీషు మందులు మాన్పిస్తారు, అసలు ప్రమాదం అక్కడుంది. వద్దని గట్టిగా చెప్పండి. వాడపల్లి ఏడు శనివారాల మొక్కుకి మాత్రం నేనెప్పుడూ అడ్డు చెప్పను, శనివారం తొక్కిసలాట లేని టైమ్ చూసుకుని ఆవిణ్ణి మెల్లగా నడిపించి తీసుకెళ్ళండి, బయటికి రావడం, నలుగురూ చూస్తున్నా నడవడం ఆవిడకి అవసరం.

ఇక మనసు. స్ట్రోక్ వచ్చిన వాళ్ళలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, దాన్ని బద్ధకం అనకండి, ఏడవకు అని కసరకండి. ఫిజియో వచ్చినా లేవట్లేదంటే ఇప్పటికే డాక్టర్‌కి చెప్పాల్సిన స్టేజీలో ఉన్నారు, మాత్రలతో తగ్గేదే, కాకపోతే మిగతా మందులతో పడేవి చూసి డాక్టరే రాయాలి. మనసు బాలేనప్పుడు సలహా చెప్పే ప్రభుత్వం వాళ్ళ టెలి మానస్ నంబరు 14416, ఏ టైమ్‌లోనైనా ఫ్రీ, ఆవిడ మాట్లాడలేకపోయినా మీరు ఫోన్ చేసి ఎలా చూసుకోవాలో అడగొచ్చు. మీకు కూడా కావాలేమో చూసుకోండి.

వెళ్ళాలా ఉండాలా అంటే, అప్పులు మీవి వీసా మీది, నేను చెప్పలేను. కానీ కుదిరితే ఇంకో మూడు నెలలు లీవ్ పొడిగించమని కఫీల్‌ని (అక్కడి మీ స్పాన్సర్‌ని) అడిగి చూడండి, ఈ మూడు నెలలకున్న విలువ తర్వాత ఏడాదికి ఉండదు. కుదరకపోతే వెళ్ళేలోపు రెండు పనులు చెయ్యండి. మీ అమ్మగారిని ఫిజియో ఆయన పక్కన కూర్చోబెట్టి ఎక్కడ చెయ్యి పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో నేర్పించండి. రోజూ వీడియో కాల్ చేసి మీరు మీ ఆవిడతోనే మాట్లాడండి, ఆవిడ పక్కనుండగా మీ అమ్మగారిని "ఎలా ఉంది తను" అని అడగడం మానెయ్యండి.

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు, భీమవరం పక్కన రొయ్యల చెరువులు చేస్తాం. ఏడు నెలల క్రితం చిన్న స్ట్రోక్, దేవుడి దయవల్ల కాలూ చెయ్యీ అన్నీ వచ్చేశాయి. కానీ పది గంటలకల్లా ఒళ్ళంతా పిండేసినట్టు అయిపోతుంది, మధ్యాహ్నం పడుకోకపోతే నిలబడలేను. మావాడు నాలుగో తరగతి, "నాన్న ఎప్పుడూ పడుకునే ఉంటాడు" అని స్కూల్లో చెప్పాడంట. మా బావమరుదులైతే నటిస్తున్నానని వెటకారం. బండి నడపొచ్చా?

జవాబు: నటన కాదండి. చిన్న స్ట్రోక్ వచ్చి పైకి అన్నీ బాగున్న వాళ్ళకి కూడా ఈ నీరసం ఉంటుంది, నెలల తరబడి ఉంటుంది, పైకి కనపడని జబ్బు కాబట్టి ఈ మాటలు పడాల్సి వస్తుంది. మీ బావమరుదులకి ఈ పేజీ చూపించండి. రక్తం తక్కువగా ఉందా, థైరాయిడ్, షుగర్, నిద్రలో గురక పెట్టి ఊపిరి ఆగుతోందా, ఇవి ఒకసారి చూపించుకోండి, వీటిల్లో ఏదున్నా నీరసం రెట్టింపవుతుంది. రాత్రిపూట ఏరియేటర్ల కాపలా మానెయ్యండి, మనిషిని పెట్టుకోండి, నిద్ర చెడితే బీపీ కూడా చెడుతుంది. చెక్ ట్రేలు చూడటం, మేత లెక్క లాంటి బుర్ర పెట్టే పనులన్నీ పొద్దుట ఒళ్ళు బాగున్నప్పుడు పెట్టుకుని, పూర్తిగా అలిసిపోకముందే పడుకోండి, అలిసిపోయాక పడుకుంటే తేరుకోవడానికి రెండింతలు పడుతుంది. బాబుకి కూడా మీ టైమ్‌టేబుల్ చెప్పండి, నాలుగింటికి నాన్న లేస్తాడు అప్పుడు ఆడుకుందాం అని, ఆ నాలుగింటిని మాత్రం తప్పకండి.

బీపీ 130/80 లోపు ఉండాలి, ఇంట్లోనే మిషన్ కొనుక్కుని చూసుకోండి. రోజుకి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూనుకి మించకూడదు, అన్నింటిలో కలిపి. ఉప్పుచేప, రొయ్యపొట్టు, ఆవకాయ ఈ మూడూ ఉన్న ఇంట్లో అది ఎంత కష్టమో నేనూ ఈ ప్రాంతం మనిషినే కాబట్టి తెలుసు, అయినా తప్పదు. సిగరెట్టు ఒక్కటి కూడా వద్దు. బండి సంగతి డాక్టర్ చూసి చెప్పాలి, ఫిట్స్ రాలేదని, చూపు ఒక పక్క తగ్గలేదని తేలాకే. చెరువు గట్ల మీద, పక్కనే పంట కాలవ ఉన్న రోడ్ల మీద మీరు నడిపేది, ఒక్క క్షణం కళ్ళు మూతపడినా ఎక్కడ పడతామో మీకు తెలుసు.

ప్రశ్న: మాది గోదావరి లంక. మా పక్కింట్లో 31 ఏళ్ళ అబ్బాయికి రాత్రి పక్షవాతం వచ్చింది, తెల్లారాక చూద్దాంలే అని నిమ్మరసం తాగించి పడుకోబెట్టారు. ఆస్పత్రికి వెళ్ళేసరికి ఇంజక్షన్ టైమ్ దాటిపోయిందన్నారు. ఇద్దరు చిన్నపిల్లలు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలండి?

జవాబు: మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఉన్నట్టుండి చూపు పోవడం, కాళ్ళు తూలిపోవడం, వీటిల్లో ఏ ఒక్కటి హఠాత్తుగా వచ్చినా వయసు చూడకండి, తెల్లారేవరకు ఆగకండి. 108కి ఫోన్ చెయ్యండి, పడవ దాటాలంటే ఒకరు అవతలి ఒడ్డున బండి రెడీ పెట్టాలి. మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎన్నింటికో కాగితం మీద రాసుకోండి, క్లాట్ కరిగించే ఇంజక్షన్ మామూలుగా అప్పట్నుంచి 4.5 గంటల లోపే ఇస్తారు, అదీ సీటీ స్కాన్ తీసి రక్తస్రావం కాదని తేలాక. అందుకే ఇంట్లో ఆస్పిరిన్ మింగించొద్దు, బీపీ మాత్ర నాలిక కింద పెట్టొద్దు. నోట్లో నిమ్మరసం, నీళ్ళు, ఏదీ పొయ్యొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

రాత్రిపూట సీటీ ఉండి ఈ ఇంజక్షన్ ఇచ్చే ఆస్పత్రి మీకు దగ్గర్లో ఏదో ఇవాళే కనుక్కుని గోడ మీద రాసి పెట్టుకోండి, సీటీ లేని చోటికి ముందు వెళ్ళి అక్కణ్ణుంచి ఇంకోచోటికి పంపిస్తే గంటలు పోతాయి. సఖినేటిపల్లి వైపు వాళ్ళు నరసాపురం రేవులో పంటు (బండ్లని కూడా దాటించే పెద్ద పడవ) కోసం నిలబడకుండా చించినాడ వంతెన మీదుగా రోడ్డు దారి పట్టడమే మంచిది. ఆ అబ్బాయికి ఇంజక్షన్ టైమ్ దాటిపోయినంత మాత్రాన ఏం చెయ్యలేమని కాదు, పైన తమ్ముడు గారికి చెప్పినవన్నీ అతనికీ వర్తిస్తాయి, వాళ్ళింటికి వెళ్ళి చదివి వినిపించండి.

ప్రశ్న: నేను పాలకొల్లులో డిగ్రీ సెకండ్ ఇయర్. అమ్మకి 41 ఏళ్ళు, స్ట్రోక్ వచ్చి రెండేళ్ళయింది, నడుస్తుంది, ఎడం చెయ్యి మాత్రం పిడికిలి బిగిసిపోయి ఉంటుంది, తెరిస్తే నొప్పి అంటుంది. ఇంక లేటైపోయిందా? పింఛను వస్తుందా మేడమ్? నాన్న లేరు.

జవాబు: అమ్మాయ్, రెండేళ్ళకి కూడా చెయ్యడానికి పనులున్నాయి. ముందు ఆ అరచెయ్యి. రోజూ గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, బొటనవేలు పక్కనుంచి మొదలెట్టి ఒక్కో వేలూ నెమ్మదిగా తెరువు, మణికట్టు కిందకి వంచి పట్టుకుంటే వేళ్ళు తేలిగ్గా వదులవుతాయి. లోపల కడిగి బాగా తుడిచి గోళ్ళు కత్తిరించు, లేకపోతే గోరు గుచ్చుకుని పుండు పడుతుంది. చిన్న తువ్వాలు చుట్టి పిడికిట్లో పెట్టొచ్చు. కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ చెయ్యి పక్కన బల్ల మీద ఆన్చి కాస్త బరువు మోపమను. రాత్రికి పెట్టుకునే స్ప్లింట్, అంటే వేళ్ళు తెరిచి ఉంచే పట్టీ, ఫిజియో కొలిచి ఇస్తారు. బిగుసు మరీ ఎక్కువైతే కండలోకి బొటాక్స్ ఇంజక్షన్ వేస్తారు, కొన్ని నెలలు వదులుగా ఉంటుంది, ఆ నెలల్లో ఎక్సర్‌సైజ్ చేస్తేనే దానికి పెట్టిన డబ్బుకి అర్థం, ఖర్చు ఎక్కువ కాబట్టి ముందు కాకినాడ జీజీహెచ్‌లోనో (ప్రభుత్వ పెద్దాస్పత్రి) రాజమండ్రి జీజీహెచ్‌లోనో అడుగు. చెయ్యి మునుపటిలా పనిచేస్తుందని చెప్పను, నొప్పి తగ్గి, జాకెట్టు చెయ్యి తనే తొడుక్కుని, కత్తిపీట దగ్గర కూరగాయ ఆన్చి పట్టుకునే దాకా రావచ్చు.

పింఛనుకి ముందు సదరం సర్టిఫికెట్ కావాలి, అంటే డాక్టర్లు పరీక్ష చేసి వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే కాగితం. మీ సచివాలయంలో స్లాట్ బుక్ చేయించుకో, ఆస్పత్రి కాగితాలు, సీటీ స్కాన్ రిపోర్టు, ఆధార్ పట్టుకెళ్ళు. వైకల్యం 40 శాతం, ఆపైన అని రాస్తే దివ్యాంగుల పింఛను కింద నెలకి 6,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైపోయిన వాళ్ళకి 15,000, ఈ రేట్లు 2024 జూలై నుంచి ఇస్తున్నారు. మీ అమ్మ నడుస్తుంది కాబట్టి మొదటి రకంలోకి వస్తారు, ఎవరైనా మధ్యవర్తి 15,000 ఇప్పిస్తానని డబ్బులడిగితే ఇవ్వకు, తర్వాత మళ్ళీ పరీక్ష పెట్టినప్పుడు ఉన్నది కూడా పోతుంది. కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటున్నారో సచివాలయంలోనే కనుక్కో. సదరంతో పాటు యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు కూడా పెట్టించు, బస్సు పాసుకీ మిగతా వాటికీ అదే అడుగుతున్నారు. క్యాంపుకి వెళ్ళే రోజు అమ్మకి పొద్దుటి మాత్రలు వేసే తీసుకెళ్ళు, లైను చాలాసేపు ఉంటుంది, కూర్చోవడానికి ఒక స్టూలు కూడా పట్టుకెళ్ళు.